తియ్యగా ఉంది, చెల్లెమ్మా

ఫాహ్లా బాబాయి పెరట్లో పాట చేసినవాళ్ళకి కుర్చీ ఉండదు. బీరు సీసాల ప్లాస్టిక్ పెట్టెను బోర్లించి, నిలువెత్తు స్పీకర్లు రెండిటికీ నడుమ వేస్తారు. పాట ఎవరిదో వాళ్ళు దాని మీద కూర్చుని, చేతులు మోకాళ్ళ మీద పెట్టుకుని, ఎదుటివాళ్ళ మొహాలు చూస్తూ ఉండాలి. పాట మొదలైనప్పటి నుంచి ఆఖరి మనిషి మాట్లాడడం అయ్యేదాకా నోరు విప్పకూడదు. "అది కాదన్నా, నేననుకున్నదేమిటంటే" అని అందుకోబోయారా, ఆ నెలకి వాళ్ళ పాట అక్కడితో సరి. అందరూ చెప్పడం అయ్యాక "విన్నాను" అని ఒక్క మాట అని లేవాలి.

మామెలోడీ పేట తూర్పు కొసన, ఆ పెరట్లో, నెలకో ఆదివారం మధ్యాహ్నం జరిగేది ఇదే. ఇళ్ళలో కంప్యూటర్ల మీద హౌస్ అనే డాన్సు సంగీతం చేసుకునేవాళ్ళు పదిమంది దాకా చేరతారు. వాళ్ళు చేసేది పెద్ద హంగామా ఉన్న రకం కాదు. ఒక కిక్కు, అంటే డ్రమ్ము గుద్దు, ఒక బేసు, మూడో నాలుగో చిన్న శబ్దాలు. మిగతాదంతా ఖాళీ. ఆ ఖాళీ కూలిపోకుండా నిలబెట్టడమే పనంతా. వచ్చేవాళ్ళలో ఆడమనిషి రామొకోనే ఒక్కతే.

ఆ ఆదివారం సెప్టెంబరు గాలి ఎర్రదుమ్మును ఊడ్చి తెచ్చి అందరి పళ్ళాల్లో పోస్తోంది. రామొకోనే మామిడి అచార్ సీసాని చంకలో ఇరికించుకుని గేటు తోసింది. తెబాత్సో గబగబా లేచి తన కుర్చీని ఆమెకిచ్చాడు. అతను మినీబస్ టాక్సీ నడుపుతాడు. ఆ పేటలో అంత మంచి చెవి ఉన్న మనిషి లేడు, అంత చెడ్డ నోరూ లేదు. ఆ నోరు ఆమె దగ్గరికొచ్చేసరికి మాత్రం పంచదార పాకమైపోతుంది.

"రా చెల్లెమ్మా, ఇలా నీడలో కూర్చో. ఎండలో ఎందుకు?"

ఆమె ఎండలోనే నిలబడింది. గుమ్మం దగ్గరున్న ఎనామిల్ బేసిన్‌లో తన పాట ఉన్న పెన్‌డ్రైవ్ పడేసింది. పక్కనే ఆమె చిన్నాన్న కొడుకు మాతోమే కూడా తనది వేశాడు. రెండూ ఆకుపచ్చవే. అంత్యక్రియల బీమా అమ్మేవాళ్ళు మొన్నామధ్య బజారులో ఊరికే పంచిపెట్టినవి. పేటలో సగం మంది దగ్గర అవే ఉన్నాయి.

వచ్చే శనివారం సెలవు. డ్యామ్ పక్క మైదానంలో పొద్దుటి నుంచి చీకటి పడేదాకా పాటలు. మడతకుర్చీలూ, ఐస్ పెట్టెలూ మోసుకుని ఊరు ఊరంతా కదిలొస్తుంది. అందులో ఒక గంట ఈ పెరటివాళ్ళది. పెట్టె మీద కూర్చుని నెగ్గిన పాటల్లోంచి ఫాహ్లా బాబాయి ఏరినవే ఆ గంటలో వేస్తారు. తన పాట ఆరుబయట, ఆ పెద్ద స్పీకర్లలోంచి, నేల అదిరేలా ఒక్కసారి వినాలి. రామొకోనేకి కావలసింది అదే. ఏడాది పొడుగునా ఆమె పెట్టె మీద కూర్చుంటూనే ఉంది. ఏడాది పొడుగునా విన్నది ఒకటే మాట: "తియ్యగా ఉంది, చెల్లెమ్మా." మగవాళ్ళ పాటలని మాత్రం కోడిని కోసినట్టు ముక్కముక్కలుగా కోసేవాళ్ళు. ఆ ముక్కలు ఏరుకుని వాళ్ళు ఇంటికెళ్ళి దిద్దుకునేవాళ్ళు. దిద్దిన పాటలు మైదానానికి ఎక్కేవి. తియ్యటి పాట పెరట్లోనే ఉండిపోయేది.

ముందు కూర్చునే హక్కు ఇంటి పెద్దది. ఫాహ్లా బాబాయి, బస్సు డిపోలో మెకానిక్కుగా పనిచేసి మానేసిన మనిషి, మోకాళ్ళు పట్టుకుని మెల్లగా పెట్టె మీద కూర్చున్నాడు. ఆయన పాట నిండా పియానో. మొదట్లో పియానో, మధ్యలో పియానో, పోయేటప్పుడూ పియానో. అయిపోగానే అందరూ ఈలలు వేశారు.

"మీకు తిరుగేముంది బాబాయ్!"

"ఇది విన్నాక మేమేం వినిపిస్తాం!"

మాట చెప్పే వంతు రామొకోనేకి వచ్చింది. ఆమె అచార్ సీసా మూత తిప్పుతోంది. అది బిగుసుకుపోయింది. "చాలా బాగుంది, బాబాయ్" అంది మూత వైపే చూస్తూ.

"విన్నాను" అని ఆయన లేచాడు.

తర్వాత మాతోమేని పిలిచారు. వాడు టోపీ వెనక్కి తిప్పుకుని పెట్టె మీద చతికిలబడ్డాడు. సెల్‌ఫోన్లు బాగుచేసే ఖుత్సో బేసిన్‌లోంచి ఆకుపచ్చ పెన్‌డ్రైవ్ తీసి మిషన్‌కి గుచ్చాడు.

కిక్కు మొదలైంది. దాని మీద సన్నగా, గరగరమని, ఎవరో జాకెట్ జిప్పు సగం దాకా లాగి ఆపిన చప్పుడు.

రామొకోనే చేతిలో మూత ఆగిపోయింది. ఆ జిప్పు ఆమెది. తను పనిచేసే లాండ్రీలో ఆరబెట్టే యంత్రం తలుపుకి ఒక చలికోటు జిప్పు తగులుతుంటే ఫోన్‌లో పట్టిన చప్పుడు. ఆ తర్వాత రాబోయే ఆవిరి బుస కూడా ఆమెదే, ఇస్త్రీ బల్లది.

మాతోమేకి కూడా తెలిసిపోయింది. వాడి నోరు తెరుచుకుంది. కానీ పెట్టె మీదున్నాడు. నోరు మూసుకుని, కళ్ళు ఇంత చేసుకుని అక్క వైపు చూశాడు. ఆమె ఆపమని అరవచ్చు. ఆమెకి ఏ కట్టుబాటూ లేదు. ఆమె తల అడ్డంగా, కనీకనిపించకుండా ఊపింది. వాడు చేతులు మోకాళ్ళ మీద పెట్టుకున్నాడు.

పాట అయిపోయింది. తెబాత్సో సీసా కింద పెట్టి లేచాడు. అతను లేచాడంటే కోత మొదలైనట్టే.

"ఒరేయ్ మాతోమే, ఇది చెవుల్లో ఇయర్‌ఫోన్లు కుక్కుకుని చేశావు కదూ? గదిలో వినిపించుకోలేదు. అబద్ధమాడకు. ఆడలేవులే, పెట్టె మీదున్నావు. కిక్కూ బేసూ ఒకే గుమ్మంలో ఒకేసారి దూరుతున్నాయిరా నాయనా! ఇద్దరు లావుపాటి ఆడంగులు నా టాక్సీ తలుపులో ఇరుక్కున్నట్టుంది. వెనక ఉన్నవాళ్ళంతా హారన్ కొడుతున్నారు. ఒకర్ని ఎక్కనీ, తర్వాత రెండోవాళ్ళని ఎక్కించు. జానెడు వెనక్కి లాగు బేసుని."

"ఆ చప్పట్ల శబ్దం సంగతేంటి?" ఖుత్సో అందుకున్నాడు. "ఆ క్లాప్ ప్రతి వరస చివరా వచ్చి నిలబడుతుంది. గుమ్మం దగ్గర ఎవరో చేతులు నలుపుకుంటూ ‘ఏమనుకోకండి, ఏమనుకోకండి’ అంటున్నట్టు. దేనికిరా అంత భయం? కాస్త ఖాళీ వదిలితే జనం లేచిపోతారనా?"

"లేచిపోతే పోనీ!" వెనక నుంచి ఎవరో అన్నారు.

"మధ్యలోకొచ్చాక ఒక్కటీ తియ్యలేదు వీడు. అన్నీ పేర్చుకుంటూ పోయాడు, అద్దెకొచ్చినవాడు గదిలో సామాను పేర్చినట్టు. ఈ సంగీతంలో కట్టేది తీసేస్తూ కదా!"

"కానీ ఆ గరగర," అన్నాడు తెబాత్సో హఠాత్తుగా గొంతు తగ్గించి, "అదేదో జిప్పులా ఉంది. జిప్పేనా? నీ బుర్రకి తట్టేది కాదే అది. ఎక్కడ దొంగిలించావు? అది మాత్రం... ఖుత్సో, ఇంకోసారి వెయ్యి. అక్కణ్ణుంచి."

మళ్ళీ వేశారు. ఆపారు. మళ్ళీ వేశారు. బేసు ఎంత వెనక్కి లాగాలన్న దాని మీద తెబాత్సోకీ ఖుత్సోకీ మాటామాటా పెరిగింది. ఒకడు తొడ మీద కొట్టి చూపించాడు, ఒకడు నూనెడబ్బా మీద. పొయ్యి మీద మాంసం మాడుతున్నా పట్టించుకున్నవాడు లేడు. రామొకోనే చెవులు కాలిపోతున్నాయి. ఒక్కొక్క మాటా చెంపదెబ్బలా తగులుతోంది, తగిలినచోటల్లా నిజం. క్లాప్ భయంతో పెట్టిందే. ఇయర్‌ఫోన్లతో చేసిందే. ఏడాదిగా తనకి అందనిది ఇంత ఉందా వీళ్ళ దగ్గర! తన కళ్ళ ముందే దాచుకుని, తనకి చిటికెడు పంచదార చేతిలో పోసి పంపేవాళ్ళా!

"విన్నాను" అని మాతోమే చచ్చీచెడీ లేచాడు.

ఆమె వంతు వచ్చింది. పెట్టె మీద కూర్చుంది. ఖుత్సో రెండో ఆకుపచ్చ పెన్‌డ్రైవ్ పెట్టాడు. మాతోమే పాట సగం కుట్టి వదిలేసిన చొక్కాలా ఉంది. ఒక చేయి ఉంది, ఒక చేయి లేదు. ఎక్కడి నుంచో దించుకున్న ఆడగొంతు ఒకటి "ఊఁ ఊఁ" అని మూలుగుతూ పాట మధ్యలో తెగిపోయింది.

"తియ్యగా ఉంది, చెల్లెమ్మా" అన్నాడు తెబాత్సో కూర్చునే.

"మెత్తగా ఉంది. ఆడవాళ్ళ చెయ్యి తెలిసిపోతోంది" అన్నాడు ఖుత్సో.

"ఇలాగే చేస్తూ ఉండు తల్లీ."

అంతే. అయిపోయింది. కుర్చీలు కిర్రుమన్నాయి. ఎవరో మాంసం తిరగెయ్యడానికి లేచారు. మాతోమే దగ్గుతున్నట్టు నోటికి గుప్పిట అడ్డం పెట్టుకున్నాడు. రామొకోనే "విన్నాను" అనాలి. అందరూ ఆ మాట కోసం సగం లేచి ఆగారు.

"ఆ పాట వాడిది" అంది ఆమె.

"ఎవరిది?"

"ఇప్పుడు మీరు మెత్తగా ఉందన్నది. ఆడచెయ్యి తెలుస్తోందన్నది. అది మాతోమే పాట. అదిగో, ఆ గడ్డంవాడి ఆడచెయ్యి. ఇందాక మీరు కోసిపారేసింది నాది. పెన్‌డ్రైవ్‌లు తారుమారయ్యాయి."

తెబాత్సో టోపీ తీశాడు. చావు ఇంటికి వెళ్ళినప్పుడు తీసినట్టు తీసి గుండెకి ఆనించుకున్నాడు.

"అయ్యో, చెల్లెమ్మా! నీదని తెలిస్తే అంత మాటంటానా? నా నోరు పడిపోను!"

"ఆ క్లాప్ నిజానికి బాగానే ఉంది" అన్నాడు ఖుత్సో కంగారుగా. "అలవాటు పడితే బాగుంటుంది. ఉంచెయ్."

"బేసు కూడా ఏం పర్లేదు. మా స్పీకర్లదే తప్పయి ఉంటుంది."

ఒక్కొక్కటే వెనక్కి లాక్కుంటున్నారు. ఇందాక చేతిలో పెట్టినవన్నీ, ఇంకా వేడిగా ఉండగానే. రామొకోనే ఖుత్సో వైపు తిరిగింది.

"ఉంచమంటావా? ఇందాక భయపడి పెట్టిందన్నావు. నిజంగా భయపడే పెట్టాను. ఇప్పుడు ఉంచమంటావా? అంటే నేను భయపడుతూనే ఉండొచ్చు, ఫరవాలేదు, ఆడదాన్ని కనక! ఏడాది. ఏడాది కూర్చున్నానిక్కడ. మీ అందరికీ తెలుసు నా కిక్కూ బేసూ కొట్టుకుంటున్నాయని. ఒక్కడు చెప్పలేదు."

"ఒక ఆడకూతుర్ని ఏడిపించి ఇంటికి పంపమంటావా?" అన్నాడు తెబాత్సో దీనంగా.

"నేనేడిస్తే నీకేం? మాతోమే కిందటేడాది ఏడవలేదూ? వాడికి ఏం పెట్టి పంపారు? బీరు పెట్టి, మళ్ళీ నెలకి రమ్మన్నారు!"

"నేనేం ఏడవలేదు" అని గొణిగాడు మాతోమే. "దుమ్ము పడింది."

ఫాహ్లా బాబాయి అప్పుడు చెయ్యెత్తాడు. "చాలు. తప్పు మాది. శనివారం నీ పాట వేస్తాం అమ్మాయ్. ఉన్నదున్నట్టు. ఇక దాని గురించి ఎవరూ మాట్లాడకండి."

ఏ మాట కోసం ఏడాదిగా ఆ పెట్టె మీద కూర్చుందో ఆ మాటే. రామొకోనే మిషన్‌లోంచి పెన్‌డ్రైవ్ లాగింది, బేసిన్ పక్కనున్న రెండోదీ తీసింది, ఒకటి మాతోమే ఒళ్ళోకి విసిరింది.

"వద్దు" అంది. "బుజ్జగించడానికి వేసే పాట నాది కాదు."

గేటు దాటాక గుర్తొచ్చింది అచార్ సీసా. దాని కోసం వెనక్కి వెళ్ళలేదు.

సోమవారం పొద్దున్న టాక్సీ స్టాండులో ముందున్న బండి తెబాత్సోదే అయింది. అతను కిందికి దిగి, ముందు సీటుని తన భుజం మీది తువ్వాలుతో దులిపి, తలుపు తెరిచి పట్టుకున్నాడు. "ఇలా కూర్చో చెల్లెమ్మా, కుదుపుండదు." క్యూలో ఉన్నవాళ్ళు చూస్తున్నారు. రామొకోనే అతన్ని దాటుకుని, అందరి మోకాళ్ళనీ తోసుకుంటూ, చిట్టచివరి వరసలో చక్రం పైనుండే ఎత్తు సీటులో ఇరుక్కుని కూర్చుంది. దారి పొడుగునా ప్రతి గుంతా ఆమె నడుముకి తగిలింది. అద్దంలో తెబాత్సో కళ్ళు వెతుకుతుంటే ఆమె కిటికీలోంచి బయటికి చూసింది.

లాండ్రీలో ఆ రోజు హోటల్ దుప్పట్లు వచ్చాయి. దుప్పటి మడతకి ఇద్దరు కావాలి. ఆమె ఒక్కతే గడ్డం కింద ఒక అంచు నొక్కిపట్టి, చేతులు బారచాపి, ఫట్‌మని విదిలించి మడిచింది. ఫట్‌. ఫట్‌. జేబులు వెతకడం మరిచిపోయి వేసిన ప్యాంటులోంచి చిల్లర, యంత్రంలో టంగుటంగుమని తిరిగింది. మామూలుగా అయితే ఫోన్ తీసి పట్టుకునేది ఆ చప్పుడుని. ఆ రోజు యంత్రం ఆపి, చిల్లర తీసి, కౌంటరు మీద గట్టిగా పెట్టింది.

మధ్యాహ్నం మాతోమే వచ్చాడు. పావు రొట్టె తొలిచి వేయించిన ఆలుగడ్డా సాసేజీ కూరిన ‘స్ఫాట్లో’ అనే తినుబండారం రెండు పొట్లాలు తెచ్చాడు.

"అక్కా, తిను. నీ మొహం చూస్తే యంత్రాలు భయపడుతున్నాయి."

"నువ్వెందుకొచ్చావు?"

"నా పాట గురించి అడుగుదామని. అది మెత్తగా ఉందట కదా. నాకిన్నాళ్ళూ తెలియలేదు."

ఆమెకి నవ్వొచ్చింది. నవ్వొచ్చినందుకు ఇంకా కోపమొచ్చింది. "చెత్తగా ఉంది. ఆ మూలిగే ఆవిణ్ణి ముందు ఆసుపత్రిలో చేర్పించు."

"అదీ! అలా చెప్పు." వాడు ఆలుగడ్డ ముక్క నోట్లో వేసుకున్నాడు. "వాళ్ళు మంచోళ్ళేనక్కా. నిన్న నువ్వెళ్ళాక ఎవరూ తినలేదు, తెలుసా? తెబాత్సో అయితే నీ ఇంటికొచ్చి కాళ్ళు పట్టుకుంటానన్నాడు."

"కాళ్ళు ఎందుకురా? నాకు వాడి చెవులు కావాలి. చెడ్డవాళ్ళయితే తిట్టి పోదును. ఈ మంచివాళ్ళనేం చెయ్యను? తలుపు తీసి పట్టుకుంటాడు, సీటు దులుపుతాడు. పాట దగ్గరికొచ్చేసరికి చంటిపిల్ల వేసిన బొమ్మని మెచ్చుకున్నట్టు మెచ్చుకుంటాడు. నాకు ముప్పై నాలుగేళ్ళు."

మాతోమే నోట్లోది మింగాడు. "మరి నిన్న వాళ్ళు చెప్పినవి గుర్తున్నాయా?"

గుర్తుండక ఏం? దుప్పట్లు మడిచినంతసేపూ అవే నోట్లో తిరుగుతున్నాయి. వాడు వెళ్ళాక ఆమె వెనకగదిలో పాత ల్యాప్‌టాప్ తెరిచింది. బేసుని పట్టుకుని జానెడు వెనక్కి లాగింది. ఇయర్‌ఫోన్లు పీకి, చిన్న స్పీకరుని ఖాళీగా ఉన్న ఆరబెట్టే యంత్రం డోలులో పెట్టి తలుపు సగం మూసింది. ఉక్కు డోలు గుండ్రటి గదిలా మోగింది. కిక్కు లోపలికి వచ్చింది. దాని వెనకే, దారిచ్చాక, బేసు వచ్చింది. రెండూ మొదటిసారి వేరువేరుగా వినిపించాయి. ఆమె నేల మీద కూర్చుండిపోయింది. తెబాత్సోని చంపెయ్యాలనిపించింది. ఈ మాట నిరుడే చెప్పి ఉంటే!

మంగళవారం క్లాప్ తీసేసింది. తీసినచోట గుండెలో గుబులు పుట్టేంత ఖాళీ వచ్చింది. మళ్ళీ పెట్టింది. మళ్ళీ తీసింది. బుధవారం మధ్యలో ఒక్కొక్కటే శబ్దాలు రాల్చింది, చివరికి జిప్పు ఒక్కటే మిగిలేదాకా. ఇప్పుడు ఆ పాట మైదానంలో వెయ్యదగ్గదే. కానీ వేయించడానికి దారి లేదు. ఆ దారికి తనే అడ్డంగా బండరాయి దొర్లించి వచ్చింది. వెళ్ళి అడిగితే వేస్తారు. కచ్చితంగా వేస్తారు. వినకుండానే వేస్తారు. అది తలుచుకుంటే పళ్ళు పటపటలాడుతున్నాయి.

గురువారం సాయంత్రం, షట్టరు దించే వేళకి, ఫాహ్లా బాబాయి వచ్చాడు. చేతిలో గోధుమరంగు కంబళి. కౌంటరు మీద పెట్టి, దాన్ని రెండు చేతులా సవరించాడు. ఉతకాల్సిన అవసరం లేనంత శుభ్రంగా ఉంది అది.

"బాగున్నావా అమ్మాయ్?"

"బాగున్నాను బాబాయ్. కంబళి శనివారానికి కావాలా?"

"తొందరేం లేదు." ఆయన కదలలేదు. ఆరబెట్టే యంత్రాల వైపు చూశాడు. "ఆదివారం నువ్వు మమ్మల్ని బాగా కడిగావు."

"క్షమాపణ అడగడానికి వచ్చారా? వద్దు. అందరూ అడుగుతూనే ఉన్నారు."

"అడగడానికే వచ్చాను. కానీ క్షమాపణ కాదు." ఆయన గొంతు మారింది. "ఆ రోజు నా పాట అయ్యాక నువ్వేమన్నావు?"

రామొకోనేకి వెంటనే గుర్తు రాలేదు. సీసా మూత గుర్తొచ్చింది. మూత బిగుసుకుపోవడం గుర్తొచ్చింది. ఆ తర్వాత తను అన్న మాట గుర్తొచ్చి, మొహంలోకి నెత్తురు ఎక్కింది.

"బాగుందన్నాను."

"నా వైపు కూడా చూడలేదు. సీసా వైపు చూస్తూ అన్నావు. ఏడాదిగా నువ్వు పడ్డది నేను నాలుగేళ్ళుగా పడుతున్నాను. అందరి మీదా అరిచావు కదా, నన్ను కూడా కలిపి. మరి నాకు నువ్వు పెట్టిందేమిటి?"

నాలుగు రోజులుగా మోస్తున్న కోపం చేతిలోనే మొన తిరిగి తన వైపు చూస్తోంది. అది ఆమెని ఇంకా మండించింది.

"సరే. చెప్పనా? కూర్చోండి అయితే."

ఆయన బట్టలబుట్ట బోర్లించుకుని కూర్చున్నాడు. చేతులు మోకాళ్ళ మీద పెట్టుకున్నాడు.

"మైదానంలో వింటున్న నాలుగేళ్ళ నుంచీ ఆ పాట అదే, బాబాయ్. పేరు మారుతుంది, వేగం మారుతుంది, పాట అదే. మీ కిక్కు బంగారం. మా ఎవరికీ అలాంటి కిక్కు లేదు. దాన్ని ఎవరూ విననివ్వరు మీరు. పియానో తెచ్చి దాని మీద కప్పేస్తారు."

ఆయన మధ్యలోనే అందుకున్నాడు. "ఆ పియానో ఎవరి చేతిదో నీకు తెలుసా?" పెట్టె మీదున్నట్టు కూర్చున్నవాడు మాట్లాడకూడదు. ఆ సంగతే మరిచిపోయాడు.

"తెలుసు. మీ ఆవిడ చనిపోకముందు వాయించిపెట్టింది. అందరికీ తెలుసు. అందుకే ఎవరూ నోరెత్తరు." ఆమె ఆపలేదు. "పియానో తీసెయ్యమనడం లేదు నేను. ఒక్కసారి రానివ్వండి. ఒక్కసారే, ఎక్కడో మధ్యలో, అన్నీ ఆగిపోయినప్పుడు. మొదటి నుంచీ చివరిదాకా మోగుతూ ఉంటే ఆవిడ ఎవరికీ వినపడడం లేదు, బాబాయ్. ఫ్యాను చప్పుడైపోయింది."

ఆయన లేచాడు. బుట్ట వెనక్కి పడింది. ఇప్పుడు ఈయన నన్ను కొడతాడు, లేదా ఆ పెరట్లో ఇక అడుగు పెట్టొద్దంటాడు అనుకుంది ఆమె. ఆయన కౌంటరు దగ్గరికి వెళ్ళి, కంబళి మీద అరచెయ్యి పెట్టి, అలా నిలబడ్డాడు. లోపలి యంత్రం ఆఖరి తిప్పు తిరిగి ఆగింది.

"ఫ్యాను చప్పుడు" అన్నాడు చివరికి. "ఇంత పొగరు ఎక్కణ్ణుంచి వచ్చింది నీకు?"

"మీరడిగారు."

"అడిగాను." ముక్కు గట్టిగా చీది, చేతిరుమాలు మడిచి జేబులో పెట్టుకున్నాడు. "నీది దిద్దావా? దిద్దే ఉంటావు. తీసుకురా. బయట బండి ఉంది."

ఆయన పాత బక్కీ, చిన్న ట్రక్కులాంటి బండి, లాండ్రీ ముందే ఆగి ఉంది. సొట్టలు పడ్డ వెనకతొట్టి, లోపల మాత్రం సొంత చేత్తో బిగించిన స్పీకర్లు. ఇద్దరూ ముందు సీట్లలో కూర్చుని తలుపులు వేసుకున్నారు. పాట మొదలైంది. రామొకోనే వీధి వైపు చూస్తూ కూర్చుంది. ఆయన స్టీరింగ్ మీద నుదురు ఆనించి విన్నాడు. జిప్పు వచ్చింది. బేసు దారి ఇచ్చి వచ్చింది. క్లాప్ లేనిచోట క్లాప్ లేదు. అంతా రాలిపోయింది, జిప్పు మిగిలింది, ఆవిరి బుసతో పాట ముగిసింది.

"శనివారం ఇది వెయ్యను" అన్నాడాయన.

ఆమె గిరుక్కున తిరిగింది. "ఏం?"

"నాదీ వెయ్యను. రెండూ ఉడకలేదు."

"ఉడకలేదా? ఆదివారం పచ్చిది వేస్తానన్నారు! ఉన్నదున్నట్టు వేస్తానన్నారు!"

"ఆదివారం నీ మీద జాలిపడ్డాను. ఇవాళ పాట విన్నాను. ఆ ఆవిరి చప్పుడు చోటు తప్పింది. అన్నీ రాలిపోయాక ఎందుకు తెచ్చావు దాన్ని? చచ్చినవాడి దగ్గర ఊపిరి ఊదినట్టు! దాన్ని ముందుకి తే. జిప్పు ఇంకా బతికుండగా రావాలి అది."

"ముందు తెస్తే ఎవరికి వినపడుతుంది? కిక్కు మింగేస్తుంది!"

"మింగదు. కిక్కు పక్కన సందులో పెట్టు."

"ఆ సందులో జిప్పుంది!"

"అయితే జిప్పుని జరుపు!"

"జిప్పు జరగదు. అది నా జిప్పు. దాని జోలికి రాకండి. తెబాత్సో కూడా ఒప్పుకున్నాడు దాన్ని."

"తెబాత్సోకి ఏం తెలుసు, హారన్ కొట్టుకునేవాడికి! దిగు. దిగు కిందికి. చూపిస్తాను."

ఇద్దరూ చెరో తలుపూ దభాలున వేసి దిగారు. రోడ్డుకి అవతల టాక్సీల కోసం నిలబడ్డ క్యూ మొత్తం ఇటు తిరిగింది. ఫాహ్లా బాబాయి పిడికిలితో బక్కీ బానెట్ మీద కిక్కు వాయించాడు. రెండో చేతి గోళ్ళతో, దాని పక్కన, ఆవిరి రావలసిన చోటు చూపించాడు. రామొకోనే ఆయన చేతిని తోసేసి, తన అరచేత్తో తన లెక్క ప్రకారం కొట్టింది. దుమ్ము లేచింది. ఆయన కాదన్నాడు. మీకు చెవులున్నాయా అని ఆమె అంది. ఆయన నీకు ఓపిక లేదన్నాడు. ఆమెకి చెమటలు పట్టాయి, గొంతు బొంగురుపోయింది, శనివారం చేజారిపోయిందన్న కోపంతో కళ్ళు మండుతున్నాయి. కానీ ఎదురుగా ఉన్న మనిషి చూపు ఆమె చేతి మీంచి ఒక్క క్షణం కూడా కదలలేదు. ఆమె ఎక్కడ కొడుతుందో చూస్తున్నాడు, కాదంటున్నాడు, మళ్ళీ చూస్తున్నాడు.

క్యూలోంచి ఒకావిడ, నెత్తిన క్యాబేజీల సంచితో, గట్టిగా అడిగింది: "ఏమ్మా, ఆ ముసలాయన నిన్నేమైనా అంటున్నాడా? మేం రావాలా?"

"అంటున్నాడు!" అని అరిచింది రామొకోనే. "అననివ్వండి!"

మళ్ళీ బానెట్ మీదికి వంగింది. ఈసారి ఇద్దరూ కలిపి కొట్టారు. ఆయన కిక్కు, ఆమె జిప్పు. ఆవిరి చోట ఆయన ఒకసారి బుస్సుమంటే, ఆమె పట్టుదలగా ఇంకొక చోట బుస్సుమంది. కాసేపు ఎవరూ ఎవరికీ లొంగలేదు. అంతలో ఆయన చెయ్యి ఆగింది. కళ్ళతో రోడ్డు అవతలికి సైగ చేశాడు.

క్యాబేజీల ఆవిడ నెత్తి మీద సంచి కదలకుండా నిలిచి ఉంది. ఆమె భుజాలు మాత్రం, ఆమెకే తెలియకుండా, ఒకదాని తర్వాత ఒకటి కదులుతున్నాయి.

ఎవరి బుసకి? ఇద్దరూ ఊపిరి బిగపట్టి చూశారు.

ఆవిడ భుజాలు ఆగిపోయాయి. చిరాగ్గా ఇటు చూసింది.

"ఆపారేం?" అంది.